పెద్దవ్వ బిళ్ళ

నన్ను కన్న మా అవ్వ మెడలో పుస్తెల పక్కన పావలా అంత వెండి బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద ఒక ఆడమనిషి కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో నిలువుగా పట్టుకున్న పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో ఆకుల కొమ్మ. ఒంటి చుట్టూ మడతలు మడతలుగా బట్ట. ముఖం చాలా చిన్నది, చింతగింజలో సగం కూడా ఉండదు; అయినా ముక్కు కొస కనబడేది. ఆ ముక్కు మా పెద్దవ్వదని నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా నమ్మాను. మా అక్క ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నమ్మింది. ఆమె నమ్మకాన్ని పోగొట్టింది నేనే. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పెద్దవ్వ అంటే మా బాపు మొదటి భార్య, అక్కను కన్నతల్లి. అక్కకు రెండేళ్ళప్పుడు అమ్మవారు పోసి చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదట. ఫొటో లేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఫొటో దిగిన ఆడవాళ్ళే లేరు. తర్వాత బాపుకు రెండో సంబంధం చూశారు. ఆ రెండో ఆమె మా అవ్వ. మా వైపు ఒక ఆచారం ఉంది. మొదటి భార్య పోయినవాణ్ణి చేసుకునే పిల్ల, ఆ పోయినామె బొమ్మను వెండి బిళ్ళ మీద కొట్టించి మెడలో వేసుకోవాలి. లేకపోతే పోయినామె ఊరుకోదని, కొత్తామె కడుపు పండనివ్వదని భయం. వెండి బంగారం పని చేసే అవుసులాయన రేకు మీద రెండు కళ్ళు, ముక్కు, బొట్టు కొట్టి ఇస్తాడు. ఎవరి బొమ్మ అయినా ఒక్క తీరుగానే ఉంటుంది. పోలికలు ఎవరూ అడగరు.

మా ఇంట్లో మాత్రం అవుసులాయనకు ఆ పని పడలేదు. ఊరికి ఉత్తరాన పాటి ఉండేది. ఎప్పుడో ఊరు ఉండి పాడైపోయిన దిబ్బను మా వైపు పాటి అంటారు. ఎండాకాలం ఆ మన్ను బండ్లకెత్తి పొలంలో పోసుకుంటే పంటకు బలం. పెళ్ళి పది రోజులుందనగా బాపు ఆ పాటి మన్ను తవ్వుతుంటే పలుగు కింద ఈ బిళ్ళ దొరికింది. ఇంటికి తెచ్చి కడిగితే ఆడమనిషి, చేతిలో కొమ్మ. మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, చూడగానే ఉన్నచోటనే కూలబడిందట.

"గిది నా కోడలే. చేతుల యాపకొమ్మ జూడుండ్రి. తల్లి పోసి సచ్చిన పిల్ల యాపకొమ్మ పట్టుకోనే వచ్చింది" అన్నదట.

అమ్మవారు పోసిన ఇంట్లో మంచం చుట్టూ వేపకొమ్మలే కదా. ఆ కొమ్మ వేపకొమ్మ కాక ఇంకేమవుతుంది? పొడుగు కర్రను రోకలి అన్నది బాపమ్మ. కోడలు దంచుతుంటే నాలుగిళ్ళ అవతలికి వినబడేదట. బిళ్ళ తిప్పితే రెండో వైపు ఒక మగ ముఖం. తల చుట్టూ ఆకుల వరుస, వెనక ముడి వేసిన రెండు పోగులు. అది బాసింగం అన్నది. బాసింగం కట్టుకున్నవాడు పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకంటే తన కొడుకే. ఆ ముఖం చెంప మీద లోతైన గాటు ఒకటి ఉండేది. నా పలుగే తగిలిందని బాపు బతికినన్నాళ్ళు నొచ్చుకున్నాడు. అవుసులాయన చేసిందల్లా పైన ఒక కొండి అతకడమే.

నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. తర్వాత కాలంలో నేనూ నవ్వాను, అందుకే నవ్వేవాళ్ళ మీద నాకు కోపం.

అవ్వ ఏది తిన్నా మొదటి ముద్ద బిళ్ళకు తాకించి తినేది. కొత్త చీర కట్టుకుంటే ముందుగా కొంగు బిళ్ళకు చూపించేది. పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, దానికి పసుపు, కుంకుమ పెట్టేది. కుంకుమ గీతల్లో నిండి కూర్చున్నామె ఎర్రగా లేచి కనబడేది. నాకు ఇదంతా ఒళ్ళుమంటగా ఉండేది. వండింది మా అవ్వ, పొద్దంతా పొలంలో వంగింది మా అవ్వ, ముందు తినేది మాత్రం ఆ సచ్చినామెనా? ఒకసారి ఆ మాట పైకే అన్నాను. అవ్వ నా నోటి మీద ఒక్కటి వేసింది.

అక్క ఆ బిళ్ళ కోసమే అవ్వ ఒళ్ళోకి వచ్చేది. తన తల్లిని చూడాలంటే సవతి తల్లి రొమ్ము మీద తల పెట్టాలి, ఇంకో దారి లేదు. అట్లా వచ్చి వచ్చి దగ్గరైందో, అవ్వే బిళ్ళ చూపించి దగ్గరకు తీసుకుందో నాకు తెలియదు. సవతి తల్లుల కథలు ఊళ్ళో చాలా విన్నాను, మా ఇంట్లో మాత్రం అట్లాంటిది చూడలేదు.

"మా అవ్వ ముక్కు నాకచ్చింది గదా చిన్నవ్వా" అని అక్క బిళ్ళ పట్టుకుని అడిగేది.

"అచ్చింది బిడ్డా. కొస గట్లనే ఉన్నది" అనేది అవ్వ.

నేను పక్కన కూర్చుని నా ముక్కు తడుముకునేదాన్ని. నాది ఎవరి ముక్కో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బడులు మూతబడ్డాయి. నేను అప్పుడు ఆరో తరగతి. కొత్తగా ఏబీసీడీలు వచ్చాయి కాబట్టి బీడీ కట్ట మీద అక్షరం కనబడినా చదివేదాన్ని. బిళ్ళ అంచున చుట్టూ ఉన్న గీతలను బాపమ్మ అవతలి లోకం రాత అనేది. ఒకరోజు అవ్వ నా తల దువ్వుతుంటే వాటిని దగ్గరగా చూశాను. ఒకటి ఎం. దాని పక్కన ఏ. దాని పక్కన ఎక్స్.

"అక్కా, గిండ్ల ఇంగ్లీషున్నది!" అని అరిచాను.

అక్క ఏమీ జంకలేదు. "అయితే అవతలి లోకంల ఇంగ్లీషే మాట్లాడుతరు కావచ్చు. నువ్వు మంచిగ సదువుకో. నేను సచ్చి ఉత్తరం రాస్తే నువ్వే సదువాలె" అన్నది. అందరం నవ్వాం, బాపమ్మ తప్ప.

ఆ ఏడే అక్కకు పెళ్ళి చేశారు. అల్లుడిది మందమర్రిలో బొగ్గుబాయి పని. పోయే ముందురోజు అక్క నా నోటుబుక్కులోంచి కాగితం చింపుకుని, బిళ్ళ మీద పరచి, పెన్సిల్‌తో రుద్దింది. అవ్వ మెడలోంచి బిళ్ళ తీయకూడదు కాబట్టి అవ్వ చాలాసేపు వంగి కూర్చుంది. కాగితం మీద కుర్చీ, కొమ్మ, ముక్కు అన్నీ నల్లగా వచ్చాయి. మందమర్రి క్వార్టర్‌లో ఆ కాగితాన్ని అద్దం కట్టించి దేవుళ్ళ పక్కన పెట్టుకుంది. నేను మొదటిసారి పోయినప్పుడు దాని ముందు ఊదుబత్తి వెలుగుతున్నది.

నేను పది పాసయ్యాక బాపు చదువు మాన్పిస్తానన్నాడు. అక్క నాలుగో తరగతితో ఆగిపోయిన మనిషి. పిల్లవాణ్ణి చంకనేసుకుని మందమర్రి నుంచి గోదావరి దాటి వచ్చి, రెండు రోజులు ఇంట్లో కూర్చుని బాపుతో కొట్లాడింది.

"అది సదువుకోని బాపు. ఇంట్ల ఒక్కలకన్న నాలుగు సంగతులు తెల్వాలె" అన్నది. నేను కరీంనగర్ కాలేజీకి పోయింది ఆమె నోటి పుణ్యాన.

డిగ్రీలో చరిత్ర చెప్పే మేడం కరీంనగర్ పట్నంలోనే పుట్టి పెరిగిన ముస్లిం ఇంటి ఆడబిడ్డ. తెలుగు, ఉర్దూ కలిపి గలగలా మాట్లాడేది. ఒకరోజు పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. ఆ పేజీలో మా పెద్దవ్వ కూర్చుని ఉంది. అదే కుర్చీ, అదే కర్ర, అదే కొమ్మ. పక్క బొమ్మలో బాసింగం కట్టుకున్న మా బాపు. మేడం, ఈ బిళ్ళ మా ఇంట్లో ఉంది అన్నాను.

"జర ఆగు బేటా. మెల్లగ చెప్పు" అని ఆమె అంతా విన్నది. తర్వాత ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. ఇది రోము దేశపు వెండి నాణెం. రెండు వేల ఏళ్ళ కిందట వాళ్ళ ఓడలు మిరియాలకు, ముత్యాలకు, నూలు బట్టలకు మన దేశం వచ్చేవి, వాటితోపాటు ఈ వెండి వచ్చేది. మగ ముఖం వాళ్ళ రాజుది. తల మీద ఉన్నది బాసింగం కాదు, గెలిచినవాళ్ళు పెట్టుకునే ఆకుల కిరీటం. కర్ర రాజదండం. కొమ్మ మన దగ్గర పెరగని చెట్టుది. కూర్చున్నామె శాంతి దేవత అంటారు, ఆ దేవత రూపంలో రాజు తన తల్లినే వేయించుకున్నాడని చెప్పేవాళ్ళూ ఉన్నారు. చెంప మీది గాటు పలుగుది కాదు. లోపల కూడా వెండేనా, పైన పూతేనా అని చూసుకోవడానికి ఇక్కడివాళ్ళు అప్పుడే ఉలితో పెట్టిన గాటు.

నిజం చెప్పాలంటే నాకు ఆ పూట బాధ కలగలేదు. గర్వం వచ్చింది. హాస్టల్లో అందరికీ చెప్పి, మా బాపమ్మ యాపకొమ్మ కథ చెప్పి నవ్వించాను. ఉలితో గాటు పెట్టి చూసే బుద్ధి నాది.

సెలవులకు ఇంటికి పోగానే అవ్వకు చెప్పాను. బియ్యం చెరుగుతున్నది. చేట ఆపలేదు.

"నాకెరుకే" అన్నది.

"ఏమెరుకనే నీకు? రోము ఎరుకనా?"

"రోము గీము నాకేం తెల్వదు. గిది పెద్దదాని మొకం కాదని పెండ్లినాడే ఎరుక. ఆమె ఊరు మా ఊరు పక్కపక్కనే. హుజూరాబాద్ అంగట్ల ఎన్నిమాట్ల జూసిన్నో. గిట్ల లేకుండె."

"మరి గిన్నేండ్లు ముద్దలెందుకు పెట్టినవ్?"

అప్పుడు చేట కింద పెట్టింది. "నేను కాపురానికచ్చిన నాడు మూడో నాలుగో ఏండ్ల పిల్ల నా మీదికెక్కి, బిళ్ళ పట్టుకోని అవ్వా అన్నది. కాదు బిడ్డా అనాల్నా? నీకు గది పైస. దానికి అవ్వ. నువ్వు ఎంతన్న సదువుకో, గీ ముచ్చట మాత్రం దాని చెవుల పడనియ్యకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. నాకు మాత్రం చప్పబడిపోయింది. నేను కనిపెట్టిన సంగతి చదువురాని ఆమెకు ముందే తెలిసి ఉండటం నాకు తల కొట్టేసినట్టయింది. మూతి ముడుచుకుని బయటకు పోయాను.

ఆ తర్వాత బాపమ్మ పోయింది. కొన్నేళ్ళకు బాపు పోయాడు. పదో రోజున అవ్వ మెడలో పుస్తెలు తీశారు. బిళ్ళ తీయలేదు. మొగుడితో ముడి తెగింది కానీ సవతితో ముడి తెగలేదు. నాకు అప్పటికే హుస్నాబాద్‌లో బడి పంతులమ్మ ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. అవ్వను నా దగ్గరే పెట్టుకున్నాను. చివరి ఏడాది ఆమె మంచం మీదే ఉంది. ఒళ్ళు తుడిచేటప్పుడు బిళ్ళ పక్కకు జరిపి తుడిచేదాన్ని. బిళ్ళ అరిగి, కూర్చున్నామె ముఖం నున్నగా అయిపోయింది. అన్నం మానేసిన రోజుల్లో కూడా గంజి చుక్క వేలితో బిళ్ళకు తాకించి అప్పుడు నోరు తెరిచేది. తొంభైలు వచ్చిన కొత్తలో, ఎండలు ముదిరే ముందు చనిపోయింది.

దినాలు ఊళ్ళోనే చేశాం. శవాన్ని ఎత్తే ముందు ఆడవాళ్ళు బిళ్ళ తీసి నా చేతిలో పెడితే కొంగున ముడివేసుకున్నాను. పదకొండో రోజు బంధువులు లేచి పోయాక, వాకిట్లో అక్క నా ముందు చెయ్యి చాపింది.

"బిళ్ళ ఇయ్యే చెల్లె. దేవుని కాడ పెట్టుకుంట."

అది ఆమెదే. పెద్దదాని బిళ్ళ పెద్దదాని బిడ్డకే పోవాలని అందరికీ తెలుసు. కానీ నాకు మా అవ్వ మెడలోది ఇంకేమీ మిగల్లేదు. చీరలు పంచారు, మంచం ఇచ్చేశారు. ముప్పై నాలుగేళ్ళు నేను అవ్వ ముఖం చూసినప్పుడల్లా దాని కింద ఆ బిళ్ళ ఉంది. దానికి అవ్వ చెమట వాసన ఉంది. అది కూడా మందమర్రికి పోతుందా? ఇయ్యను అన్నాను.

అక్క నేను పరాచికాలాడుతున్నాననుకుంది. "నా అవ్వను నాకియ్యవా ఏందే" అని నవ్వింది.

ఆ నవ్వుకు నా తల తిరిగిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు బడిలో నేనే చెప్తాను.

"నీ అవ్వ కాదు. అది రోము దేశం పైస. ఎవలో రాజు తల్లి బొమ్మ. నీ అవ్వ గిండ్ల లేనే లేదు. ఊకె మొక్కుకుంట కూసున్నవ్" అన్నాను.

అక్క చాపిన చెయ్యి అట్లాగే ఉంది. అడిగింది. "నీకెన్నడు ఎరుక?"

"కాలేజీల ఉన్నప్పుడు."

"చిన్నవ్వకు?"

"పెండ్లినాటి సంది."

"అంటే అందరికెరుకే. నాకొక్కదానికే తెల్వదు" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా, నన్ను కొట్టినా బాగుండేది.

గబగబా కొంగు ముడి విప్పి బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. మేడం కూడా పొరపాటు పడి ఉంటుంది, పుస్తకాల్లో అన్నీ నిజాలుంటాయా అని ఏదేదో అన్నాను. అక్క బిళ్ళను అటు తిప్పి ఇటు తిప్పి, దొరికిన చిల్లరను చూసినట్టు చూసింది.

"నువ్వు సదువుకున్నదానివి. తప్పెందుకు చెప్తవ్" అని తిరిగి నా ఒళ్ళో పెట్టింది. "నీ అవ్వ మెడల ఉన్నది గదా. నువ్వే ఉంచుకో."

మర్నాడు పొద్దున్నే అక్క తలస్నానం చేసి నన్ను లేపింది. "మరి మా అవ్వ ఎట్లుంటుండె?" అని అడిగింది. ఊళ్ళో అందరికంటే పెద్ద ముసలామె ఇంటికి పోదాం రమ్మన్నది. నేను వెనకాలే నడిచాను. ముసలామెకు పొర కమ్మిన కళ్ళు. ఎవరి బిడ్డవని నాలుగుసార్లు అడిగి గుర్తుపట్టింది.

"నీ అవ్వనా? బంగారు బొమ్మ. కండ్లు గింతగింత ఉంటుండె" అని పిడికిళ్ళు చూపించింది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు, అది ఎందుకంటారో ఆ పూట తెలిసింది.

"నలుపా ఎరుపా?" అని అక్క అడిగింది.

"నలుపే. కాదు కాదు, చామనచాయ. ఏమో బిడ్డా, గిన్నేండ్లాయె."

"ముక్కు?"

"ముక్కేముంటది, అందరి లెక్కనే." ముసలామె తడబడి, అక్క చెంపలు తడిమి, "నిన్ను జూసుకో. నీ లెక్కనే ఉంటుండె కావచ్చు" అన్నది.

బజారులో నడుస్తూ అక్క తనలో తాను అనుకున్నట్టు అన్నది. "నాకు నలభై అస్తున్నయి. మా అవ్వ ఇరవైకే పాయె. గీ మొకంల గా పిల్లను యాడ ఎతుకాలె?"

ఆ మధ్యాహ్నమే ప్రయాణమైంది. హుజూరాబాద్ బస్టాండు దాకా వెంట పోయాను. చింతపండు సంచి ఇస్తే తీసుకుంది, పిల్లల చదువులు అడిగింది, మామూలుగానే మాట్లాడింది. బస్సు లోపలికి వస్తుంటే మూట చంకకెత్తుకుని ఆగింది.

"పెండ్లినాడే గామె కాదని ఎరుకంటివి. అంటే చిన్నవ్వ మా అవ్వను జూసిందా?"

"జూసింది. అంగట్ల."

అక్క ముఖం ఒక్కసారి విప్పారింది. నా చెయ్యి పట్టుకుంది. "ఎట్లుంటుండెనని చెప్పింది?"

ఆ మాట నాకు చెప్పాక అవ్వ పదిహేనేళ్ళు బతికింది. నాలుగేళ్ళు నా ఇంట్లోనే ఉంది. ఏడాది పాటు నా చేతులతో ఒళ్ళు తుడిచాను.

"నేనడుగలే అక్కా" అన్నాను.

అక్క నా చెయ్యి వదిలేసింది. "గన్ని సదువులు సదివితివి. గదొక్కటి అడుగకపోతివా చెల్లె" అని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.